తథాస్తు వేళ

సింగపూరులో పొద్దు ఎప్పుడూ ఒకే వేళకు గూకుతుంది. మన వైపు లాగా ఎండాకాలం ఒక తీరు, చలికాలం ఒక తీరు అని ఉండదు. ఏడాది పొడుగునా, కుక్కరు మూడో విజిల్ వేసే వేళకు, జురాంగ్ ఈస్ట్‌లోని ఆ ఎత్తైన ఇళ్ళ వరస వెనక సూర్యుడు చప్పుడు లేకుండా దిగిపోతాడు. సరిగ్గా ఆ వేళకే రైళ్ళు మనుషుల్ని తెచ్చి దింపుతాయి. ఊరి ఆ చివర ఆఫీసు నుంచి కొడుకు, ట్యూషన్ నుంచి మనవరాలు, ఆ పిల్లను తీసుకురావడానికి వెళ్ళిన కోడలు, అందరూ ఇల్లు చేరేది అప్పుడే. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ ఒక్క గంట.

ఆ గంటలోనే భ్రమరాంబ దీపం పెట్టేది.

దీపం పెట్టాక ఆ ఇంట్లో చెడ్డ మాట అనకూడదు. జబ్బు పేరు ఎత్తకూడదు. ఆసుపత్రి, ఆపరేషన్, పోవడం, పడిపోవడం, ఇలాంటి మాటలన్నీ గుమ్మం బయటే ఆగాలి. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మన నోట ఏ మాట వస్తే దానికి ‘తథాస్తు’ అనేసి పోతారని పెద్దవాళ్ళు చెప్పగా మీరూ వినే ఉంటారు. మన మాటల్లోనే ఆ భయం ఉంది. బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. చాలామంది ఆ నమ్మకాన్ని సగం నమ్మి సగం నవ్వేస్తారు. భ్రమరాంబ పూర్తిగా నమ్మింది. అందుకు ఆమెకు కారణం ఉంది. అది తరువాత చెప్తాను.

“నానమ్మా, నాకు హెడేక్,” అంటుంది మనవరాలు వర్షిత, బ్యాగు విసిరేసి.

“ష్! తల చల్లగా ఉంది అను.”

“తల చల్లగా ఉంది... బట్ పెయిన్ లా!” మాట చివర ఆ ‘లా’ ఇక్కడి బళ్ళో అంటుకున్నది.

కోడలు ఉజ్వల నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి తప్పుకునేది. కొడుకు ఉదయ్‌కిరణ్ బూట్లు విప్పుతూ, అమ్మ వైపు ఒకసారి, దీపం వైపు ఒకసారి చూసేవాడు. “అమ్మా, ఒక మాట చెప్పాలి,” అనేవాడు.

“మంచి మాటేనా?”

“రేపు చెప్తాలే,” అని స్నానానికి పోయేవాడు.

ఎంత బుద్ధిమంతుడో నా కొడుకు, అనుకునేది తల్లి.

భ్రమరాంబది అవనిగడ్డ పక్కన పల్లెటూరు. భర్త సీతారామారావు పోయాక కొడుకు విజిట్ పాసు తీసి తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఉదయ్‌కిరణ్ చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకు సంబంధించిన ఆఫీసులో పని చేస్తాడు. అతనికీ భార్యాబిడ్డలకూ కంపెనీయే ఇన్సూరెన్స్ ఇచ్చేది. తల్లికి మాత్రం ఇవ్వదు. ఆమె ఈ దేశపు మనిషి కాదు, కంపెనీ లెక్కలో కుటుంబమూ కాదు. ఆమెకు జ్వరమొచ్చినా, కాలు విరిగినా, అంతా ఇంటి మీద పడవలసిందే. ఇక్కడ ఆసుపత్రి గడప తొక్కితే ఎంత ఖర్చో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అందుకని ఆమె వచ్చిన కొత్తలోనే ఉదయ్ తనకు తెలిసిన ఇన్సూరెన్స్ ఏజెంటు కృష్ణప్రసాద్‌ను పట్టుకున్నాడు. కృష్ణప్రసాద్ రాజమండ్రి వాడు. మాటకారి. పది కంపెనీలు గాలించాడు. కొందరు ఆ వయసువాళ్ళను తీసుకోం అన్నారు. కొందరు తీసుకుంటామని చెప్పి, కొడుకు జీతంలో సగం అడిగారు. చివరికి ఒక్కటి దొరికింది, మోయగలిగినది.

“పెళ్ళి సంబంధానికి కూడా ఇంత తిరగలేదు ఆంటీ, మీ పాలసీకి తిరిగినంత,” అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు.

అప్పుడు ఆషాఢం. కొత్త పని వద్దంది భ్రమరాంబ. రెండోసారి వస్తే మంగళవారం. మూడోసారి అతను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా ఆమె దీపం వెలిగిస్తోంది.

“ఆంటీ, ఒంట్లో ఏమైనా నలతలు...”

“కాఫీ తాగు నాయనా.”

“తాగుతా. నేను యముడి ఏజెంటును కాదండీ, ఇన్సూరెన్స్ ఏజెంటును.”

“ఇద్దరూ ముందు వయసే అడుగుతారు,” అంది ఆమె, గ్లాసు చేతికిచ్చి.

కృష్ణప్రసాద్ నవ్వాడు గాని, లేచేటప్పుడు నవ్వలేదు. “ఒంట్లో ఏదైనా వచ్చాక అడిగితే, వచ్చినదాన్ని వదిలేసి మిగతాదానికే ఇస్తారు ఆంటీ. దాచి తీసుకుంటే, అది బయటపడిన రోజు మొత్తం చెల్లదంటారు. ఒళ్ళు బాగున్నప్పుడే ఇది అవ్వాలి.”

“తథాస్తు వేళ ఒళ్ళు సంగతి ఎందుకు బాబూ,” అంది భ్రమరాంబ. ఆ తరువాత అతను రాలేదు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. పోయిన దసరా వెళ్ళాక అడుగులు మొదలయ్యాయి.

మొదటి రోజు ఆమె దీపం ముందు కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇల్లు సద్దుమణిగింది. గుమ్మం బయట వరండాలో ఎవరో నడుస్తున్నారు. ధప్... ధప్... తొందర లేని నడక. బూట్ల చప్పుడు కాదు, చెప్పులూ కాదు. తడిసిన పంచె పిక్కలకు తగులుతుంటే ఉత్త కాళ్ళతో గట్టు మీద నడిచే మనిషి అడుగు. ఆమె కళ్ళు తెరిచి, లేచి వెళ్ళి తలుపు తీసింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఖాళీగా ఉంది. ఎదురింటి చైనా ముసలమ్మ గుమ్మం పక్కన ఎర్రటి చిన్న దేవుడి గూటిలో మూడు అగరొత్తులు పొగ తీస్తున్నాయి. ఆ పొగ నిటారుగా లేస్తోంది. మనిషి నడిచిపోయి ఉంటే అది చెదరాలి. చెదరలేదు.

మర్నాడూ వినిపించాయి. ఆ మర్నాడూ. దీపం ముందు కూర్చున్న కాసేపటికి దూరంగా మొదలై, దగ్గరకు వచ్చి, సరిగ్గా గుమ్మం అవతల ఉన్నట్టుండేవి. ఆమె ఊపిరి బిగబడితే అవి ఇంకా స్పష్టంగా వినిపించేవి. భయపడితే వేగం పెరిగేవి, ఆమె భయం బయటివాడికి తెలిసినట్టు.

ఒకరోజు వర్షితను పిలిచి, బెల్లుకు పెట్టిన కెమేరాలో చూడమంది. పిల్ల ఫోను తిప్పి చూపించింది. “నోబడీ దేర్ లా, నానమ్మా. క్యాట్ కూడా లేదు.”

“ఎవరో నడిచినట్టుంటే...”

“మీ ఇమాజినేషన్.” పిల్ల పరుగెత్తిపోయింది. గుమ్మం అవతల అడుగులు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

వచ్చింది తథాస్తు దేవతలే అని ఆమెకు నిశ్చయమైంది. ఏ మాట దొర్లుతుందా అని చెవి పెట్టుకుని నిలబడ్డారు. ఇక ఆ ఇంట్లో మాటల మీద కాపలా రెట్టింపైంది. ఉజ్వల తన పుట్టింటివాళ్ళతో ఫోనులో ఎవరి షుగరు సంగతో మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టేది. ఫాల్గుణంలో వర్షిత కాలితో తోసుకునే స్కూటర్ మీద నుంచి పడి మణికట్టు వాచిపోయింది. ఎప్పుడూ ఆసుపత్రికి పరుగెత్తే ఉదయ్ ఆ పూట పిల్లను మందుల షాపుకు తీసుకెళ్ళి, కట్టు కట్టించి, ఐసు పెడుతూ కూర్చున్నాడు. “ఎక్స్‌రే తీయించవా?” అంది ఉజ్వల. అతను దీపం వైపు చూశాడు. “తగ్గిపోతుంది,” అన్నాడు. ఆ మంచి మాటకు తల్లి లోపల తథాస్తు అనుకుంది. వాపు తగ్గింది కూడా. తగ్గడంతో ఆమె నమ్మకం ఇంకాస్త గట్టిపడింది.

ఇంకొక సంగతి ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఆ అడుగు ఆమెకు తెలిసిన అడుగే. కాలువ దాటి పొలం నుంచి వచ్చేటప్పుడు ఆయన అలాగే నడిచేవాడు.

మామిడికాయల రోజులు వచ్చాయి. కృష్ణప్రసాద్ ఉజ్వలకు ఫోను చేశాడు. ఆంటీకి అరవై అయిదు నిండితే ఆ ఒక్క కంపెనీ కూడా తలుపు మూసేస్తుందట. ఆదివారం పగటిపూటే వస్తానని, ఈసారి కాఫీతో సరిపెట్టుకోనని చెప్పాడట. ఉజ్వల ఈ మాటను పొద్దున్నే, సూర్యుడు బాగా పైకొచ్చాక, భయం భయంగా అత్తగారి చెవిన వేసింది.

“రమ్మను,” అంది భ్రమరాంబ. “ఒంట్లో ఏముందంటే, ఏమీ లేదని చెప్తాను. సంతకం పెట్టమంటే పెడతాను.”

ఏమీ లేదు. ఆ మాట ఆమె బాగా సాధన చేసిన మాట.

శనివారం నాడు ఊరి ఇంకో పేట ఆంగ్ మో కియోలో హైమావతి ఇంట్లో ఆవకాయ కలిపారు. హైమావతి, ఆమె భర్త జనార్దనరావు ఇక్కడికి వచ్చి ముప్పయ్యేళ్ళ పైమాట. ఆయన ఓడలు కట్టే చోట ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరింట పెళ్ళయినా చావయినా ముందు నిలబడే మనిషి. తెలుగువాళ్ళు ఆయన్ను అంకుల్ అంటారు, ఆయన మాట కాదనరు.

ఉప్పూ కారం పాళ్ళు భ్రమరాంబ చెయ్యి పడితేనే కుదురుతాయని అందరికీ తెలుసు. ఆవపిండి ఘాటుకు ఆ ఇల్లంతా తుమ్ముతోంది.

“వదినా, పక్కింటాయన మూడుసార్లు తలుపు కొట్టాడు, ఏం తగలబెడుతున్నారని,” అంది హైమావతి.

“ఒక ముక్క పెట్టి పంపకపోయారా.”

“పోయినేడు పెట్టా. అప్పటి నుంచే ఈ భయం!”

వంటిల్లు గొల్లుమంది. ఆ నవ్వులో, ఆ రోకలి చప్పుడులో భ్రమరాంబ అడుగుల సంగతి మరిచిపోయింది. జాడీ నిండింది. ఇంకా ఎండ పడమటి గోడ మీద ఉండగానే ఆమె బయలుదేరింది, దీపం వేళకు ఇల్లు చేరాలని. జాడీ బరువని జనార్దనరావు తానే పట్టుకుని, జురాంగ్ దాకా దింపి వస్తానని చెప్పులేసుకున్నాడు.

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. లోపల వాళ్ళిద్దరే. బయటి గోల ఒక్కసారి తెగిపోయింది.

ధప్... ధప్...

ఇది ఆమె ఇల్లు కాదు. సంధ్య కాలేదు, దీపం పెట్టలేదు. లిఫ్టు పెట్టెలో నడవడానికి చోటెక్కడిది? ఆమె మూల చూసింది. ఆ మూలా చూసింది. స్టీలు గోడలో తన బొమ్మ, జాడీ పట్టుకున్న జనార్దనరావు బొమ్మ, అంతే. ఆయన తలెత్తి అంతస్తుల నంబర్లు చూసుకుంటున్నాడు. ఆయనకేమీ వినిపించడం లేదు. తడి పంచె, ఉత్త కాళ్ళు. తన వెంట వచ్చింది. ఆమె గుండె వేగం పెరిగింది. అడుగుల వేగమూ పెరిగింది.

భయం వేస్తే ఆమె చెయ్యి మెడ మీదికి పోవడం అలవాటు. నలభై ఏళ్ళు ఆ చేతికి అక్కడ సూత్రాలు దొరికేవి. ఇప్పుడు దొరకవు. వట్టి మెడ మీద, దవడ కింద, వేళ్ళు ఆనాయి.

అడుగు ఆమె వేలి కింద పడింది.

ధప్, అని చెవిలో. ధప్, అని వేలి కింద. మళ్ళీ చెవిలో, మళ్ళీ వేలి కింద. రెండూ ఒకటే. చెయ్యి తీసింది. మళ్ళీ పెట్టింది. గుమ్మం బయట తిరుగుతున్నాడనుకున్నవాడు ఇన్నాళ్ళూ తలుపుకు అవతల లేడు. తలుపు తీసిన ప్రతిసారీ వరండా ఎందుకు ఖాళీగా ఉందో, అగరొత్తి పొగ ఎందుకు చెదరలేదో ఆమెకు అప్పుడు తెలిసింది. నడుస్తున్నది ఆమె మెడలోనే. ఇంట్లో సందడి అణిగి తాను ఊరికే కూర్చునే వేళ అదొక్కటే గనక, ఆ వేళకే వినిపించింది.

“ఏంటమ్మా, అలా ఉన్నావు?” అన్నాడు జనార్దనరావు.

“ఏమీ లేదు అన్నయ్యగారూ.”

ఇద్దరూ స్టేషను దాకా నడిచారు. రైల్లో ఎవరో కుర్రవాడు లేచి ఆమెకు చోటిచ్చాడు. జనార్దనరావు జాడీని కాళ్ళ మధ్య పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. బండి కదిలాక, ఎటో చూస్తూ అడిగాడు.

“బావగారు ఎలా పోయారమ్మా?”

ఈ ప్రశ్న ఎవరూ అడిగింది లేదు. భ్రమరాంబ కిటికీ వైపు తిరిగింది. తరువాత చెప్పింది. “నేనే చంపుకున్నానండీ. దీపాల వేళ పొలం నుంచి వచ్చాడు. అన్నం తిననన్నాడు. కోపమొచ్చి, ఇలాగైతే ఏదో ఒకరోజు గట్టు మీదే పడిపోతావు అన్నాను. పక్షం తిరక్కుండా గట్టు మీదే పడిపోయాడు. నా నోటి మాటకు తథాస్తు అన్నారు.”

“అన్నం ఎందుకు తిననన్నాడు?”

అన్నం ఎందుకు తిననన్నాడు? ఆ సంగతి ఆమె ఎప్పుడూ తలచుకోలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆయన అరచెయ్యి కనిపించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ భుజం కింద రుద్దుకునే చెయ్యి. ఏమైందంటే, “ఏమీ లేదు, కావడి బరువు,” అనేవాడు. దినవారాలు అయ్యాక పశువుల కొట్టం చూరులో నొప్పి నూనె సీసాలు దొరికాయి. ఖాళీవి. ఎవరికీ కనబడకుండా గడ్డిలో దోపినవి.

“చాలా రోజుల నుంచే నొప్పి ఉందండీ ఆయనకు,” అంది ఆమె, తనలో తాను అనుకుంటున్నట్టు. “చెప్పలేదు.”

“నీ మాట ఒక్క పూటది చెల్లెమ్మా,” అన్నాడు జనార్దనరావు. “ఆయన చెప్పకపోవడం ఎన్నాళ్ళది?”

జురాంగ్ ఈస్ట్‌లో దిగేసరికి పొద్దు గూకుతోంది. చెట్ల నిండా గోరింకలు ఊరు మునిగినట్టు అరుస్తున్నాయి. వరండాలో ఎదురింటి ముసలమ్మ అగరొత్తులు వెలిగిస్తూ, “ఆంటీ, మకాన్ ఆల్రెడీ?” అని పలకరించింది. ఇంకా తినలేదని భ్రమరాంబ చేత్తోనే చెప్పి లోపలికి నడిచింది.

కాళ్ళు కడుక్కుంది. దీపం పెట్టింది. జనార్దనరావు సోఫాలో కూర్చున్నాడు. ఉజ్వల మంచినీళ్ళు తెచ్చింది, ఉదయ్ నిలబడే ఉన్నాడు. ఎప్పటిలాగే ఇల్లు సద్దుమణిగింది. అడుగులు మొదలయ్యాయి. ఆమె తల తిప్పి గుమ్మం వైపు చూడలేదు.

“ఉదయ్, నాకు ఒంట్లో బాగాలేదురా.”

ఉజ్వల పళ్ళెం కింద పెట్టేసింది. “అత్తయ్యగారూ! దీపం...”

“దీపం చూసే చెప్తున్నానమ్మా. దసరా వెళ్ళినప్పటి నుంచి చెవిలో అడుగుల చప్పుడు. ఇదిగో, ఇక్కడ, మెడలో కొట్టుకుంటోంది. రెండుసార్లు కుడిచెయ్యి మొద్దుబారి చెంచా జారిపోయింది. చెంచా జిడ్డుగా ఉందన్నాను. జిడ్డు లేదు. రేపు కృష్ణప్రసాద్ అడిగితే ఏమీ లేదని చెప్పి నీ ఖర్చు తప్పిద్దామనుకున్నాను. చెప్పను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆ జబ్బుకు వాళ్ళు ఇవ్వకపోతే మానెయ్యనీ.”

ఆ మాటలు ఆ గదిలో అంతకు ముందు ఎన్నడూ పలకని మాటలు. గోడలు వింటున్నట్టుంది. ఎవరో తథాస్తు అంటారని అందరూ చెవులు రిక్కించుకుని ఎదురుచూస్తున్నట్టుంది. ఏమీ వినిపించలేదు. దీపం దాని పాటికి అది వెలుగుతోంది.

అప్పుడు ఉదయ్‌కిరణ్ కుర్చీ అంచున కూర్చున్నాడు. తల వంచుకున్నాడు.

“అమ్మా,” అన్నాడు, “మన ఇన్సూరెన్స్ నిండుకుంది.”

ఆ మాటకు అర్థం ఆ ఇంట్లో ఎవరూ అడగనక్కర్లేదు. బియ్యం డబ్బా అడుగు కనబడినప్పుడు అనే మాట అది.

“ఎవరిది?” అంది ఉజ్వల.

“మన ముగ్గురిది. నన్ను కంపెనీలోంచి తీసి వేరే వాళ్ళ కింద కాంట్రాక్టులో పెట్టారు. అదే కుర్చీ, అదే పని. ఇన్సూరెన్స్ మాత్రం లేదు.”

“ఎప్పటి నుంచి?”

“జనవరి నుంచి.”

ఉజ్వల భర్త ముందుకు వచ్చి నిలబడింది. “మరి వర్షిత చెయ్యి వాచినప్పుడు...” అని ఆగింది. అందుకే మందుల షాపు, అందుకే ఐసు. “ఒక్క మాట చెప్పలేకపోయావా? ఇన్నాళ్ళూ ఏం లేకుండా తిరుగుతున్నామా మేము? ఆ పిల్ల రోజూ రోడ్డు దాటుతుందే!”

“ఎప్పుడు చెప్పను?” అన్నాడు ఉదయ్. “నేను ఇంటికొచ్చేది దీపం పెట్టాకేగా.”

ఆ మాట భ్రమరాంబకు తగలవలసిన చోట తగిలింది. రేపు చెప్తాలే, రేపు చెప్తాలే అని ప్రతి సాయంత్రం కొడుకు మింగిన మాట ఇదా! బుద్ధిమంతుడని తాను మురిసిపోయిన మౌనం ఇదా! గుమ్మం బయట ఎవరో పొంచి ఉన్నారని కాపలా కాసింది. ఇంటికి కప్పు లేదన్న సంగతి ఇంట్లోనే నోరు మూసుకుని కూర్చుంది.

జనార్దనరావు గొంతు సవరించుకున్నాడు.

“ఈ ఊళ్ళో గొడుగు లేకుండా ఎవడైనా బయటికి పోతాడా? పోడు. గొడుగు పట్టుకున్నందుకు వాన వచ్చిందని ఎవడైనా అంటాడా? అనడు. మరి ఒంటికి గొడుగు కొనుక్కోమంటే అపశకునమంటాం. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నా. కంపెనీ ఇచ్చింది కదా అని ఊరుకునేవాళ్ళు ఒకరు. ఉద్యోగం పోయిన రోజున గాని ఆ గొడుగు తమది కాదని తెలియదు వాళ్ళకు. జబ్బు పేరెత్తితే జబ్బు వస్తుందని ఊరుకునేవాళ్ళు ఇంకొకరు. ఇద్దరూ ఒళ్ళు బాగున్నంత కాలం తలుపు తట్టరు. బాగాలేని రోజు తడితే కంపెనీవాళ్ళు తలుపు తియ్యరు. ఎవరి గొడుగు వాళ్ళకు ఉండాలి నాయనా, అదీ ఎండగా ఉన్నప్పుడు కొనుక్కోవాలి. రేపు కృష్ణప్రసాద్‌ను ఒక్కరికి కాదు, నలుగురికీ చూడమను. ఇప్పుడు మాత్రం లేవండి. ముందు అమ్మను డాక్టరుకు చూపించాలి. ఈ పూటే.”

మెడలో నెత్తురు గొట్టం సన్నబడిందని డాక్టరు చెప్పాడు. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఆ చెయ్యి చెంచా జార్చడంతో ఆగేది కాదని కూడా చెప్పాడు. ఆపరేషన్ చేసి సరిచేశారు. దానికయిన ఖర్చుకు ఏ ఇన్సూరెన్సూ లేదు. భ్రమరాంబ గాజులు పోయాయి, ఉదయ్ దాచుకున్నది పోయింది. ఆషాఢం అడ్డు పెట్టకుండా మొదటిసారే సంతకం పెట్టి ఉంటే అవి పోయేవి కావు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తిపొడవలేదు. కృష్ణప్రసాద్ మళ్ళీ ఊరంతా తిరిగాడు. ఉదయ్‌కూ, ఉజ్వలకూ, వర్షితకూ ఎవరిది వారికి, ఉద్యోగం ఉన్నా ఊడినా నిలబడే పాలసీలు మోయగలిగే ధరలో వెతికి పెట్టాడు. భ్రమరాంబకూ ఒకటి దొరికింది, పుట్టినరోజు ఇంకా రాకముందే.

“మెడ ఒక్కటి వదిలేసి మిగతా ఒళ్ళంతా వాళ్ళ పూచీ ఆంటీ.”

“మెడ మీదే కదరా తల నిలబడేది,” అంది ఆమె. ఈసారి కాఫీ ఇచ్చాక కూడా అతన్ని కూర్చోబెట్టి మాట్లాడించింది.

అడుగులు ఆగిపోయాయి. దీపం ముందు కూర్చుంటే ఇప్పుడు నిజంగానే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కొన్నాళ్ళు ఆమెను అడుగుల కంటే ఎక్కువ భయపెట్టింది, ఎవరో వెళ్ళిపోయినట్టు. తరువాత అలవాటైంది. ఆ వేళ ఇంట్లో ఇప్పుడు అన్నీ మాట్లాడుకుంటారు. వర్షిత తల నొప్పి తల నొప్పే.

మొన్న ఒక సాయంత్రం కింద బెంచీ మీద కొండమ్మ అని, అదే బ్లాకులోకి కొడుకు దగ్గరికి కొత్తగా వచ్చిన ఆవిడ కలిసింది. ఆవిడది తుని పక్క. గోరింకలు అరుస్తున్నాయి. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

“మావాడు పిచ్చివాడు వదినా,” అంది కొండమ్మ నవ్వుతూ. “నాకేదో ఇన్సూరెన్స్ అంటాడు. ఇంట్లో దీపం పెట్టాక ఆ కబుర్లేంట్రా అని నోరు మూయించాను. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఏమీ లేదు.”

అంటూ అంటూ ఆవిడ అరచేత్తో ఎడమ భుజం కింద మెల్లగా రుద్దుకుంటోంది. ఆ సంగతి ఆవిడకే తెలియదు.

భ్రమరాంబ ఆ చేతిని చూసింది. ఆ చెయ్యి ఆమెకు తెలుసు. ఒక్క క్షణం చెట్ల వెనకాల ఎక్కడో తడి పంచె చప్పుడు వినిపించినట్టయింది. ఈసారి అది తన మెడలోది కాదు. ఆమె కొండమ్మ చెయ్యి పట్టుకుని కిందికి దించి, తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

“ఎప్పటి నుంచి నొప్పి?” అంది.

“అయ్యో, సంధ్యవేళ ఆ మాటెందుకు వదినా, తథాస్తు దేవతలుంటారు!”

“ఉంటారు,” అంది భ్రమరాంబ. “నేను విన్నాను వాళ్ళను. వాళ్ళు మన మాటకు ఒక్కసారే తథాస్తు అంటారు కొండమ్మా. మనం దాచుకున్నదానికైతే రోజూ అంటారు.”